సున్నా గీతకు పైనా, కిందా?

వానాకాలంలో తెలుగు పత్రిక తిరగేస్తే ఏటా ఒక శీర్షిక కంటపడుతుంది: ‘శ్రీశైలానికి తగ్గిన వరద’. ఆ రెండు ముక్కలు చదివి పేజీ తిప్పేసేవాళ్లలో చాలామంది డ్యామ్‌లో నీళ్లు తగ్గుముఖం పట్టాయనే అనుకుంటారు. శీర్షిక కింద అంకెలు చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. నిన్న మూడు లక్షల క్యూసెక్కులున్న ఇన్‌ఫ్లో ఇవాళ రెండు లక్షలకు పడిపోయింది, ఔట్‌ఫ్లో అరవై వేలే ఉంది అనుకుందాం. అప్పుడు జలాశయం ఇంకా నిండుతూనే ఉన్నట్టు. తగ్గింది నీళ్లు వచ్చే వేగం. నీటిమట్టం పెరుగుతూనే ఉంది.

ఒక పరిమాణం వేరు, అది మారే వేగం వేరు. ఇంటర్ మొదటి సంవత్సరంలో అవకలజాల అనువర్తనాల పాఠం చదివినవాళ్లందరికీ ఈ ముక్క తెలుసు. ప్రమేయం అన్నా ఫంక్షన్ అన్నా పరిమాణమే, అవకలజం అన్నా డెరివేటివ్ అన్నా దాని మార్పు వేగమే. సూత్రాలు నోటికి వస్తాయి, లెక్కలు తప్పులేకుండా చేస్తారు. అదే విద్యార్థి ముందు అవకలజం గ్రాఫ్ ఒక్కటే పెట్టి, ‘అసలు ప్రమేయం ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది, ఎక్కడ శిఖరానికి చేరింది?’ అని అడగండి. చాలామంది తడబడతారు. కంటికి ఒక పాత అలవాటు ఉంది. గీత పైకి పోతుంటే పెరుగుదల అనీ, కిందికి వస్తుంటే తగ్గుదల అనీ చదివేస్తుంది. అవకలజం గ్రాఫ్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

ఈ అధ్యాయంలో నేను మీకు అందించదలచుకున్న నైపుణ్యం ఒక్కటే. మార్పు గ్రాఫ్ కనబడగానే గీత ఎక్కుతోందా, దిగుతోందా అన్నది పక్కన పెట్టండి. సున్నా గీతకు పైన ఉందా, కింద ఉందా అన్నది ముందు చూడండి. పరీక్ష హాల్లోనూ, పత్రికలోనూ, మీ ఇంటి జమాఖర్చుల పుస్తకంలోనూ ఈ ఒక్క అలవాటు మీ చేత సరైన తీర్పు చెప్పిస్తుంది.

ఏడు రోజుల జలాశయం

ముందు అంకెలతో చూద్దాం. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే క్యూసెక్కు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, వచ్చే నీటికీ పోయే నీటికీ తేడా 11,574 క్యూసెక్కులుగా రోజంతా నిలిస్తే డ్యామ్‌లో ఒక టీఎంసీ చేరుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే పత్రికలో వచ్చే ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లోల నుంచి రేపటి నిల్వను మీరే అంచనా వేయగలరు.

శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, నిల్వ సామర్థ్యం 215.81 టీఎంసీలు. లెక్క కోసం ఒక వారాన్ని ఊహించుకుందాం. ఆదివారం రాత్రికి 130 టీఎంసీలున్నాయి. సోమవారం నికరంగా 5 టీఎంసీలు చేరాయి. మంగళవారం 15, బుధవారం 20, గురువారం 12, శుక్రవారం 4. శనివారం వచ్చినదీ పోయినదీ సమానం, అంటే సున్నా. మళ్లీ ఆదివారం నికరంగా 6 టీఎంసీలు బయటికి పోయాయి, అంటే మైనస్ 6.

ఈ ఏడు అంకెలతో గ్రాఫ్ గీస్తే అది బుధవారం దాకా ఎక్కి, అక్కడి నుంచి దిగుతూ, శనివారం సున్నా గీతను తాకి, ఆదివారం దాని కిందికి వెళుతుంది. ఇది మార్పు గ్రాఫ్. ఇప్పుడు నిల్వ రాయండి: 135, 150, 170, 182, 186, 186, 180. రెండు వరసలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి నిదానంగా చూడండి.

మార్పు గ్రాఫ్ శిఖరం బుధవారం. నిల్వ శిఖరం శుక్రవారం నుంచి శనివారం దాకా నిలిచి, ఆదివారం కిందికి తిరిగింది. గురువారం మార్పు గ్రాఫ్ 20 నుంచి 12కు పడింది. పత్రికల్లో ‘తగ్గిన వరద’ అని వచ్చేది ఆ రోజే. అదే రోజు డ్యామ్‌లోకి 12 టీఎంసీలు కొత్తగా చేరాయి. బుధవారం శిఖరానికీ ఒక అర్థం ఉంది. నిల్వ అన్నిటికంటే వేగంగా పెరిగింది ఆ రోజే. ఆ తరవాత కూడా పెరిగింది, కాకపోతే మందగిస్తూ పెరిగింది.

ఇది లెక్కల పుస్తకంలో ఉండిపోయే సంగతి కాదు. 2009 అక్టోబరు తొలి రోజుల్లో కృష్ణ, తుంగభద్ర వరదలు కర్నూలును ముంచెత్తినప్పుడు శ్రీశైలం నీటిమట్టం 885 అడుగులు దాటి దాదాపు 896 అడుగులకు చేరింది. అటువంటి వేళ డ్యామ్ మీద ఉన్న ఇంజినీర్ ‘వరద తగ్గుతోంది’ అన్న కబురు విని ఊపిరి పీల్చుకోలేడు. వస్తున్నది పోతున్నదానికంటే ఎక్కువగా ఉన్నంతసేపూ మట్టం పెరుగుతూనే ఉంటుంది. రెండూ సమానమయ్యే ఘడియలోనే మట్టం శిఖరానికి చేరుతుంది. ఆయన కాచుకుని ఉండేది ఆ ఘడియ కోసమే.

నాలుగు చూపులు

ఏ అవకలజం గ్రాఫ్ ఇచ్చినా ఈ వరసలోనే చూడండి. వరస మారిస్తే పాత అలవాటు మళ్లీ దూరుతుంది.

మొదటి చూపు: గుర్తు. గ్రాఫ్ ఎక్స్ అక్షానికి పైన ఉన్న అంతరాల్లో ప్రమేయం పెరుగుతోంది, కింద ఉన్న అంతరాల్లో తగ్గుతోంది. పైన ఉన్నంతవరకూ గ్రాఫ్ ఎక్కుతున్నా దిగుతున్నా ప్రమేయం పెరగడం ఆగదు. లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం చెప్పే హామీ ఇదే. ఒక అంతరం మొత్తం మీద అవకలజం ధనాత్మకమైతే, ఆ అంతరంలో ఏ రెండు బిందువులు తీసుకున్నా కుడివైపు బిందువు దగ్గర ప్రమేయం విలువే ఎక్కువ.

రెండో చూపు: దాటే చోట్లు. గ్రాఫ్ అక్షాన్ని పైనుంచి కిందికి దాటితే అక్కడ ప్రమేయానికి స్థానిక గరిష్ఠం. కిందినుంచి పైకి దాటితే స్థానిక కనిష్ఠం. పెరగడం ఆగి తరగడం మొదలయ్యేది మొదటి చోట, తరగడం ఆగి పెరగడం మొదలయ్యేది రెండో చోట. గరిష్ఠం దగ్గర మార్పు సున్నా అవుతుందన్న గ్రహింపు చాలా పాతది. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు గ్రహాల తాత్కాలిక గతిని లెక్కిస్తూ ఈ సంగతిని పట్టుకున్నాడు. యూరప్‌లో ఫెర్మా గరిష్ఠ కనిష్ఠాలు కనుక్కునే పద్ధతిని 17వ శతాబ్దంలో, న్యూటన్‌కు ముందే చెప్పాడు.

మూడో చూపు: ఎక్కడం, దిగడం. ఇప్పుడే కంటి పాత అలవాటుకు పని ఉంది. అవకలజం గ్రాఫ్ ఎక్కుతున్న చోట ప్రమేయం వంపు పైకి తెరుచుకుని ఉంటుంది, దిగుతున్న చోట కిందికి తెరుచుకుని ఉంటుంది. అవకలజం శిఖరానికో లోయకో చేరి వెనుదిరిగే చోట ప్రమేయం తన వంపు మార్చుకుంటుంది. అది ఇన్‌ఫ్లెక్షన్ బిందువు. మన జలాశయం వారంలో బుధవారం అటువంటిదే.

నాలుగో చూపు: వైశాల్యం. గ్రాఫ్‌కూ అక్షానికీ మధ్య ఉన్న వైశాల్యమే ప్రమేయంలో వచ్చిన మొత్తం మార్పు. అక్షానికి పైన ఉన్న వైశాల్యాన్ని కలపాలి, కింద ఉన్నదాన్ని తీసివేయాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా 5, 15, 20, 12, 4 కలిపితే 56. 130కి 56 కలిపితే 186. మనం చేసింది సమాకలనమే.

పెన్సిలు పట్టుకోండి

చదివితే వచ్చే విద్య కాదిది, గీస్తేనే వస్తుంది. ఒక తెల్లకాగితం తీసుకుని అడ్డంగా మధ్యకు మడిచి విప్పండి. పై సగంలో అవకలజం, కింది సగంలో ప్రమేయం. రెండింటికీ ఎక్స్ అక్షం మీద ఒకే కొలత ఉండాలి, 0 కింద 0, 1 కింద 1 పడాలి.

పై సగంలో ఈ గ్రాఫ్ గీయండి. ఎక్స్ విలువ 0 దగ్గర ఎత్తు 3. అక్కడి నుంచి దిగుతూ 1 దగ్గర అక్షాన్ని దాటుతుంది. 2 దగ్గర మైనస్ 1 లోతుకు చేరి వెనుదిరుగుతుంది. 3 దగ్గర మళ్లీ అక్షాన్ని దాటి పైకి పోతుంది. 4 దగ్గర ఎత్తు మళ్లీ 3. పైకి తెరుచుకున్న పరావలయం అన్నమాట. 1, 2, 3 దగ్గర నుంచి కిందికి చుక్కల గీతలు దించండి.

ఇప్పుడు మొదటి చూపు. అక్షం పొడవునా గుర్తులు రాయండి: 0 నుంచి 1 దాకా ప్లస్, 1 నుంచి 3 దాకా మైనస్, 3 తరవాత ప్లస్. ఈ గుర్తుల పట్టీ గీయకుండా ముందుకు పోవద్దు. గ్రాఫ్ కన్నును ఎంత తికమక పెట్టినా ఈ పట్టీ నిజమే చెబుతుంది.

రెండో చూపు. 1 దగ్గర ప్లస్ మైనస్ అయింది, కాబట్టి స్థానిక గరిష్ఠం. 3 దగ్గర మైనస్ ప్లస్ అయింది, కాబట్టి స్థానిక కనిష్ఠం. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. 2 దగ్గర ఉన్న లోయ చూడగానే ‘కనిష్ఠం అక్కడే’ అని రాసేస్తారు. 2 దగ్గర ప్రమేయం ఇంకా దిగుతూనే ఉంది. పైగా తక్కిన అన్ని చోట్లకంటే వేగంగా దిగుతున్నది అక్కడే.

మూడో చూపు. 2కు ఎడమవైపు అవకలజం దిగుతోంది, కాబట్టి ప్రమేయం వంపు కిందికి తెరుచుకుంటుంది. కుడివైపు అవకలజం ఎక్కుతోంది, వంపు పైకి తెరుచుకుంటుంది. 2 దగ్గర ఇన్‌ఫ్లెక్షన్.

నాలుగో చూపు. ఈ పరావలయానికీ అక్షానికీ మధ్య 0 నుంచి 1 దాకా ఉన్న వైశాల్యం నాలుగు బై మూడు. 1 నుంచి 3 దాకా అక్షం కింద ఉన్న వైశాల్యం కూడా సరిగ్గా నాలుగు బై మూడే. కాబట్టి ప్రమేయం 0 దగ్గర సున్నాతో మొదలైతే 1 దగ్గర నాలుగు బై మూడుకు చేరి, 3 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ సున్నాకు దిగుతుంది. 2 దగ్గర సరిగ్గా సగం దూరంలో, రెండు బై మూడు ఎత్తులో ఉంటుంది. 4 దగ్గర తిరిగి నాలుగు బై మూడుకు ఎక్కుతుంది. ఈ ఐదు బిందువులనూ కింది సగంలో పెట్టి, వంపులు తప్పకుండా నునుపుగా కలపండి. ఒక్క సమీకరణం కూడా రాయకుండా, కేవలం అవకలజం బొమ్మ నుంచి ప్రమేయాన్ని గీశారు.

పరీక్షలో జవాబుతోపాటు కారణం కూడా రాయండి. ‘1 దగ్గర అవకలజం ధనాత్మకం నుంచి రుణాత్మకంగా మారింది, కాబట్టి స్థానిక గరిష్ఠం’ అన్న ఒక్క వాక్యం చాలు. అమెరికాలో మన పిల్లలు హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాల్‌క్యులస్ పరీక్షలో అవకలజం గ్రాఫ్ ఇచ్చి ప్రమేయం గురించి అడిగే ప్రశ్నలు తరచుగా వస్తాయి. వాటిలో సరైన కారణం రాయకపోతే పూర్తి మార్కులు రావు. ‘గ్రాఫ్ చూస్తే తెలుస్తోంది’ అన్నది కారణం కిందికి రాదు.

మూడు మెలికలు

నాలుగు చూపులూ వంటబట్టాక ఈ మూడు మెలికల దగ్గర జాగ్రత్త పడాలి.

మొదటిది, తాకి వెనుదిరగడం. అవకలజం గ్రాఫ్ పైనుంచి వచ్చి అక్షాన్ని తాకి, దాటకుండా మళ్లీ పైకే పోయిందనుకోండి. అక్కడ అవకలజం సున్నా, అయినా గరిష్ఠమూ కాదు, కనిష్ఠమూ కాదు. ఎక్స్ ఘనం అనే ప్రమేయానికి 0 దగ్గర జరిగేది ఇదే. ఒక్క క్షణం చదునుగా ఉండి మళ్లీ పెరగడమే దాని పని. అవకలజం సున్నా అయినంత మాత్రాన తొందరపడి గరిష్ఠం అనో కనిష్ఠం అనో రాయకండి. సున్నాకు అటూ ఇటూ గుర్తు మారిందో లేదో చూసుకోండి.

రెండోది, గెంతు. డ్యామ్ నిండుతుండగా ఒకేసారి గేట్లు ఎత్తేశారనుకోండి. నికర ప్రవాహం ప్లస్ నుంచి మైనస్‌కు ఒక్కసారిగా గెంతుతుంది, మధ్యలో సున్నా దగ్గర ఆగదు. అయినా ఆ క్షణమే నిల్వకు గరిష్ఠం. నిల్వ గ్రాఫ్ అక్కడ నునుపుగా వంగదు, కోణంగా విరుగుతుంది. ఎక్స్ పరమమూల్యం గ్రాఫ్‌లో 0 దగ్గర కనబడే కోణమూ ఇటువంటిదే. అక్కడ అవకలజం మైనస్ 1 నుంచి ప్లస్ 1కి గెంతుతుంది, సున్నా దగ్గర అవకలజమే లేదు, ప్రమేయానికి మాత్రం అక్కడ కనిష్ఠం ఉంది. కాబట్టి అవకలజం సున్నా అయిన చోట్లతోపాటు అవకలజం లేని చోట్లను కూడా వెతకాలి.

మూడోది, మొదలు. మార్పు గ్రాఫ్ ఎంత వివరంగా ఉన్నా ప్రమేయం ఎక్కడ మొదలైందో చెప్పదు. మన వారంలో ఆదివారం 130 టీఎంసీలున్నా, 60 టీఎంసీలున్నా మార్పు గ్రాఫ్ ఒక్కటే. ఒకే అవకలజం ఉన్న ప్రమేయాలన్నీ ఒకే ఆకారంలో, ఒకదానిపై ఒకటి నిలువుగా జరిపినట్టు ఉంటాయి. సమాకలనం చివర మాస్టారు కలపమని పోరు పెట్టే ఆ స్థిరాంకానికి ఉన్న విలువ ఇదే. ‘ఈ నెల ఆరు వేలు మిగిల్చాను’ అని ఒకరు చెబితే ఆయన దగ్గర ఎంతుందో మీకు తెలియనట్టే. కనీసం ఒక్క బిందువు దగ్గర అసలు విలువ తెలియాలి.

వార్తల్లో అవకలజాలు

ధరల సంగతి తీసుకుందాం. ద్రవ్యోల్బణం అనేది ధరల మార్పు వేగం. వంద రూపాయల సరుకుల బుట్ట ఉంది. మొదటి ఏడు 8 శాతం, రెండో ఏడు 5 శాతం, మూడో ఏడు 3 శాతం ద్రవ్యోల్బణం అనుకోండి. రేటు గ్రాఫ్ మూడేళ్లూ దిగుతూనే ఉంది. బుట్ట మాత్రం 108 రూపాయలు, 113 రూపాయల 40 పైసలు, 116 రూపాయల 80 పైసలు అవుతూ వచ్చింది. ‘ద్రవ్యోల్బణం తగ్గిందంటున్నారు, మా ఇంట్లో కిరాణా బిల్లు తగ్గలేదేం?’ అని అడిగే ఇల్లాలి ప్రశ్న న్యాయమైనదే. రేటు సున్నా గీతకు పైన ఉన్నంతకాలం బిల్లు తగ్గదు. 2016 నుంచి మన రిజర్వు బ్యాంకుకు చట్టప్రకారం పెట్టిన లక్ష్యమే 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. అంటే ధరలు మెల్లగా పెరుగుతూ ఉండాలన్నదే విధానం.

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ద్రవ్యోల్బణం పెరిగే రేటు తగ్గుతోందని ప్రకటించాడు. ధరలు అసలు ప్రమేయం. ద్రవ్యోల్బణం దాని అవకలజం. ద్రవ్యోల్బణం పెరిగే రేటు రెండో అవకలజం. అది తగ్గుతోందంటే మూడో అవకలజం గురించి మాట్లాడినట్టు. పదవిలో ఉన్న అధ్యక్షుడొకరు మళ్లీ ఎన్నిక కోసం మూడో అవకలజాన్ని వాడుకోవడం అదే మొదటిసారని గణితవేత్త హ్యూగో రోసీ 1996లో రాశాడు. ఆ ప్రకటన విన్న పౌరుడు ‘ధరలు తగ్గుతున్నాయి’ అనుకుంటే రెండు మెట్లు ఒక్కసారే జారినట్టు. ధరలూ పెరుగుతున్నాయి, ఆ పెరిగే వేగమూ పెరుగుతోంది.

ఇంకా లోతైన ఉదాహరణ మన జనాభా లెక్కలు. పదేళ్లకొకసారి వచ్చిన జనాభా ప్రమేయమైతే, ఆ పదేళ్లలో పెరిగిన సంఖ్య మార్పు గ్రాఫ్. 1901 నుంచి చూస్తే ఆ గ్రాఫ్ ఒక్కసారే సున్నా గీత కిందికి వెళ్లింది. 1911, 1921 మధ్య దేశ జనాభా దాదాపు 7.7 లక్షలు తగ్గింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఆ పదేళ్లలోనే వచ్చింది. 1921 దగ్గర గ్రాఫ్ కిందినుంచి పైకి దాటింది, అంటే ఆ ఏడు స్థానిక కనిష్ఠం. జనాభా శాస్త్రజ్ఞులు 1921ని మహా విభజన సంవత్సరం అనడానికి కారణం ఇదే. ఆ తరవాత గ్రాఫ్ మళ్లీ కిందికి రాలేదు.

1951 నుంచి ఒక్కో పదేళ్లలో చేరినవాళ్లు వరసగా 7.8 కోట్లు, 10.9 కోట్లు, 13.5 కోట్లు, 16.3 కోట్లు, 18.23 కోట్లు. 2001, 2011 మధ్య 18.21 కోట్లు. చివరి రెండు అంకెల తేడా రెండు లక్షలు మాత్రమే, కానీ అర్థంలో చాలా పెద్దది. 1921 తరవాత ముందు దశాబ్దం కంటే తక్కువమంది చేరిన తొలి దశాబ్దం అది. మార్పు గ్రాఫ్ శిఖరం దాటిందన్న సూచన. జనాభా మాత్రం 121 కోట్లకు పెరిగింది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. శాతాల్లో చెప్పే దశాబ్ద వృద్ధి 1961, 1971 మధ్య 24.8 శాతం. అక్కడి నుంచి తగ్గుతూ వచ్చి 2001, 2011 మధ్య 17.7కు చేరింది. శాతం తగ్గిన ఆ కాలంలోనే చేరిన తలల సంఖ్య 2001 దాకా పెరుగుతూ వచ్చింది. జనాభా, చేరిన సంఖ్య, వృద్ధి శాతం అన్నవి మూడు వేరు వేరు గ్రాఫ్‌లు. ఒకదాని సంగతి ఇంకొకదానికి అంటగడితే వాదన మొత్తం కూలిపోతుంది. అందుకే బొమ్మ కంటే ముందు నిలువు అక్షం పక్కన ఏం రాసి ఉందో చదవాలి.

మీ సొంత లెక్కలో

ఒక కుటుంబం జనవరిలో 12,000 రూపాయలు కొత్తగా అప్పు చేసింది. ఫిబ్రవరిలో 9,000, మార్చిలో 5,000, ఏప్రిల్‌లో 1,000. మేలో కొత్త అప్పు చేయకుండా 3,000 తీర్చింది. వడ్డీ పక్కన పెడితే నెలాఖరు బాకీలు 12,000, 21,000, 26,000, 27,000, 24,000.

ఫిబ్రవరిలోనే ‘అప్పులు తగ్గించుకుంటున్నాం’ అని ఈ కుటుంబం సంతోషిస్తే మార్పు గ్రాఫ్ దిగడాన్ని బాకీ దిగడంగా చదివినట్టు. బాకీ ఏప్రిల్ దాకా పెరిగింది. దీనికి ఎదురుగా ఉండే పొరపాటు కూడా అంతే నష్టం చేస్తుంది. మార్చి నెలాఖరున 26,000 బాకీ చూసి ‘ఎంత కష్టపడినా పెరుగుతూనే ఉంది, ఇక మన వల్ల కాదు’ అని ప్రయత్నం మానుకుంటే, అప్పటికే 12,000 నుంచి 5,000కు దిగిన గ్రాఫ్‌ను చూడనట్టు. అదే దారిలో ఇంకొంచెం నడిస్తే సున్నా గీత దాటేస్తారు. బాకీ ఇంకా పెరుగుతోందా అన్న ప్రశ్నకు జవాబు గుర్తులో ఉంది. మలుపు దగ్గరపడుతోందా అన్న ప్రశ్నకు జవాబు గ్రాఫ్ వాలులో ఉంది. రెండు ప్రశ్నలూ అడగాలి, రెండు జవాబులనూ విడిగా ఉంచాలి.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లలో దీనికి తిరగబడ్డ కథ కనిపిస్తుంది. మాక్ టెస్టుల్లో 60, 75, 85, 90, 92 మార్కులు వచ్చాయి. పెరుగుదలలు 15, 10, 5, 2. మొదట్లో ఎగిరి గంతేసిన విద్యార్థి చివరి టెస్టు తరవాత ‘నేను పడిపోతున్నాను’ అంటాడు. మన ఉత్సాహం ఎక్కువగా మార్పు వేగాన్ని బట్టే నడుస్తుంది, అసలు విలువను అంతగా పట్టించుకోదు. అతను ముందెన్నడూ లేనంత ఎత్తున ఉన్నాడు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. పడిపోతున్నది పెరిగే వేగం. దానికి తగిన మందు చదివే పద్ధతి మార్చుకోవడం, మిగిలిన బలహీనమైన పాఠాలు ఏరుకుని చదవడం. పుస్తకం మూసి దిగులుపడటం మాత్రం తప్పు నిర్ధారణకు వేసిన తప్పు మందు.

సాధన

ఒకటి. అవకలజం గ్రాఫ్ ఒక సరళరేఖ. 0 దగ్గర మైనస్ 2తో మొదలై, 2 దగ్గర అక్షాన్ని దాటి, 6 దగ్గర 4 ఎత్తుకు చేరింది. ప్రమేయం 0 దగ్గర 10 అయితే కనిష్ఠం ఎక్కడ, ఎంత? 6 దగ్గర విలువ ఎంత? త్రిభుజాల వైశాల్యాలతో సాధించండి. కనిష్ఠం 2 దగ్గర 8, 6 దగ్గర విలువ 16 రావాలి. రేఖ ఎక్కడా వెనుదిరగలేదు కాబట్టి ఇన్‌ఫ్లెక్షన్ లేదు.

రెండు. అవకలజం గ్రాఫ్ మొత్తం అక్షానికి పైనే ఉండి 4 దగ్గర మాత్రం తాకి వెనుదిరిగింది. ప్రమేయానికి గరిష్ఠ కనిష్ఠాలు ఎన్ని? ఒక్కటీ లేదని కారణంతో సహా రాయండి. 4 దగ్గర ఇన్‌ఫ్లెక్షన్ ఎందుకు ఉందో కూడా రాయండి.

మూడు. వానాకాలంలో వారం రోజులపాటు ఏదైనా ఒక ప్రాజెక్టు ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లోలు పత్రిక నుంచి రాసుకోండి. తేడాను 11,574తో భాగించి టీఎంసీల్లోకి మార్చండి. మొదటి రోజు నిల్వకు కలుపుతూ పోయి, చివరి రోజు పత్రికలో ఇచ్చిన నిల్వతో పోల్చండి. కొద్దిపాటి తేడా వస్తే ఆవిరి నష్టాలూ, రోజులో ప్రవాహం మారుతుండటమూ గుర్తుచేసుకోండి.

నాలుగు. గత ఆరు నెలల్లో నెలనెలా మీకు మిగిలిన సొమ్ము, లేదా తగ్గిన సొమ్ము రాసి, పైన మార్పు గ్రాఫ్, కింద మొత్తం గ్రాఫ్ గీయండి. గుర్తుల పట్టీ వేయండి. సున్నా గీత దాటిన నెలలో ఇంట్లో ఏం మారిందో దాని పక్కనే రాయండి.

ఈ నాలుగూ చేతితో చేసినవారికి అవకలజం గ్రాఫ్ ఇక ఎప్పుడూ అయోమయంగా అనిపించదు. పరీక్షలో మార్కులు వస్తాయి, అది చిన్న లాభం. ‘తగ్గింది’, ‘పెరిగింది’ అన్న మాట ఎవరన్నా, ‘ఏది? అసలు విలువా, మార్పు వేగమా?’ అని అడిగే మనిషిగా మారతారు, అది పెద్ద లాభం. ఇంటి అప్పు గురించీ, పిల్లల చదువు గురించీ, ఊరి చెరువు గురించీ నిర్ణయం తీసుకునే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు ‘మార్పు వేగం’ అని వస్తే, సున్నా గీతకు పైనా కిందా అని తేల్చుకున్నాకే తీర్పు చెప్పండి.